టిప్పర్‌తోనే గ్రావెల్ సమంగా పరచవచ్చా?

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మా మామిడితోటలోకి 200 మీటర్ల బాట ఉంది. తోతాపురి కోతలకు లారీ లోపలికి రావాలని నిరుడు గ్రావెల్ తోలించాము. టిప్పర్లు ఎక్కడికక్కడ కుప్పలు పోసి వెళ్ళిపోవడంతో, చదును చేయడానికి జేసీబీకి గంటల లెక్కన బాడుగ కట్టవలసి వచ్చింది. టిప్పరే నడుస్తూ పరచే వీలు లేదా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: ఉంది. అయితే అది డ్రైవరు నేర్పు కంటే వెనక డోరుకు తగిలించే గొలుసుల మీద, మీరు ముందుగా వేసుకునే లెక్క మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

టిప్పర్‌లో 10 ఘనపు మీటర్లు, అంటే మన వాడుకలో సుమారు మూడున్నర యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు) పడుతుందనుకుందాం. బాట వెడల్పు 3 మీటర్లు, పోసే మందం 10 సెంటీమీటర్లు అయితే ఒక ట్రిప్పు 33 మీటర్ల దూరానికి సరిపోతుంది; మీ బాటకు ఆరు ట్రిప్పులు కావాలి. ప్రతి 33 మీటర్లకు ముగ్గుపిండితో అడ్డంగా గీత వేయండి. గీత చేరకముందే సరుకు అయిపోతే బండి మరీ నిదానంగా నడిచినట్టు, గీత దాటినా మిగిలి ఉంటే వేగం ఎక్కువైనట్టు లెక్క. మొదటి ట్రిప్పులో తేడా వచ్చినా రెండో ట్రిప్పుకు డ్రైవరుకే అంచనా దొరుకుతుంది.

డోరు పూర్తిగా తెరుచుకోకుండా రెండు వైపులా గొలుసులను ఒకే పొడవున బిగించి, కింద జానెడుకు కాస్త తక్కువ సందు మాత్రమే వదలాలి. ఒక గొలుసు వదులుగా ఉంటే సరుకంతా ఆ పక్కకే పోతుంది. సందు మరీ చిన్నదైతే పెద్ద రాయి అడ్డం పడి ధార ఆగిపోతుంది. బండి మొదటి గేరులో కదిలిన తరువాతే డోరు లాక్ వదిలి, తొట్టిని కొద్దికొద్దిగా ఎత్తుతూ, మధ్యలో ఆగకుండా సాగాలి. ఆగిన ప్రతిచోటా ఒక దిబ్బ లేస్తుంది. ట్రిప్పుకు ఇంత అని తిరిగే డ్రైవరుకు ఈ ఓపిక ఉండదు కనుక, బేరం కుదిరేటప్పుడే ఈ మాట చెప్పడం మంచిది.

మీ బాట తోటలోనే ముగిసేదైతే బండిని వెనక్కి నడిపించుకుని చివరిదాకా వెళ్ళి, అక్కడి నుంచి రోడ్డు వైపు వస్తూ పరచాలి. తొట్టి వెడల్పు బాట కంటే తక్కువ కాబట్టి అంచులకు పారలతో లాగక తప్పదు. జేసీబీ పని పూర్తిగా పోదు కానీ బాగా తగ్గుతుంది.

తడిసిన ఎర్ర గ్రావెల్‌తో మాత్రం ఈ పని పెట్టుకోకండి. అది తొట్టి ముందు భాగంలో అతుక్కుని, ఎత్తు పెరిగాక ఒక్కసారిగా జారుతుంది. పక్కకు వాలిన నేల మీదైతే బండే బోల్తా పడవచ్చు. మోటారుకు వెళ్ళే కరెంటు తీగలు బాటకు అడ్డంగా ఉన్నచోట తొట్టిని పూర్తిగా దించి దాటించి, ఆ కాస్త మేర మనుషులతో పరిపించుకోండి.