చలికాలపు పొదుపుతో ఏడాది పొడవునా వాయిదాలా?

ప్రశ్న: మా హాల్లో పాత ఇటుక ఫైర్‌ప్లేస్ ఉంది. ఎన్ని కట్టెలు వేసినా గది వెచ్చబడదు. అందులో అమర్చే కట్టెల ఇన్సర్ట్ (తలుపున్న లోహపు పొయ్యి పెట్టె) కొనాలనుకుంటున్నాం. దాంతో చలికాలం బిల్లు సగానికి సగం తగ్గుతుందని దుకాణంవారు అంటున్నారు. మా దగ్గర మూడు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. అందులో సగం ఇప్పుడు కట్టి, మిగతాది క్రెడిట్ కార్డు మీద 24 వాయిదాల్లో తీర్చాలని ఆలోచన. బిల్లులో మిగిలేదే వాయిదాకు సరిపోతుంది కదా! సంపాదన నాదొక్కదే. ఉద్యోగం ఏటా పొడిగించే ఒప్పందం మీద ఉంది. ఉక్కు ఇన్సర్ట్ మంచిదా, పోత ఇనుముదా?

జవాబు: ఉక్కు త్వరగా వేడెక్కుతుంది. పోత ఇనుము నెమ్మదిగా వేడెక్కి, మంట తగ్గాక కూడా కాసేపు వెచ్చదనం ఇస్తుంది. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. నన్ను ఆపింది మీ ఉత్తరంలోని మరో వాక్యం: ‘బిల్లులో మిగిలేదే వాయిదాకు సరిపోతుంది కదా!’

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంటికి ఏదైనా పెద్ద వస్తువు కొనాలనుకునేవారు రాసే ఉత్తరాల్లో సగానికి పైగా ఇదే లెక్క కనిపిస్తుంది. ఇంకా చేతికి రాని పొదుపును ఈ నెల ఆదాయంలో రాసేసుకుంటారు. మీ విషయంలో అది ఇంకా కష్టం, ఎందుకంటే బిల్లు తగ్గేది చలి ఉన్నప్పుడే. వాయిదా మాత్రం మండుటెండల్లోనూ తప్పదు. చలి అయిదు నెలలనుకుంటే, 24 వాయిదాల్లో పదింటికే ఆ పొదుపు తోడు వస్తుంది. మిగతా 14 మీ జీతంలోంచే పోతాయి.

ఇక ‘సగానికి సగం’ మాట. తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ కట్టెలోని వేడిలో పదో వంతు గదికి ఇస్తే గొప్ప. పైగా గదిలోని వెచ్చటి గాలిని కూడా పొగగొట్టంలోంచి బయటికి లాగేస్తుంది. మంచి ఇన్సర్ట్ 65 నుంచి 80 శాతం దాకా ఇస్తుంది. తేడా నిజంగానే పెద్దది, కాదనను. కానీ దుకాణంవారు పోల్చేది మీ పాత ఫైర్‌ప్లేస్‌తో, మీరు చూసుకోవలసింది మీ బిల్లుతో. ఇన్సర్ట్ హాలును వేడి చేస్తుంది. పడకగదుల్లో హీటర్ మునుపటిలాగే తిరుగుతూ ఉంటే బిల్లు ఎంత తగ్గుతుంది? కట్టెలు మీ పెరట్లోవా, కొనాలా? అది మీరు రాయలేదు. కొనేటట్టయితే ఆ ఖర్చు బిల్లులోంచి తీసి మరో పద్దులో రాసుకున్నట్టే.

కట్టెల గురించి ఇంకొక మాట. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. మండించే నాటికి తేమ 20 శాతం లోపు ఉండాలి. లేకపోతే వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. గట్టి కలప అంతగా ఆరాలంటే, చీల్చి, గాలి తగిలేలా పేర్చి, పైన కప్పి, కనీసం ఏడాది ఉంచాలి. అంటే వచ్చే చలికాలపు కట్టెలకు ఈ ఏడాదే డబ్బు పెట్టాలి. లేదంటే ఆరిన కట్టెలు ఎక్కువ ధరకు కొనాలి. మొదటి చలికాలంలో మీకు మిగిలేది చాలా తక్కువ, కానీ మీ వాయిదాలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

అసలు ఖర్చు పెట్టె లోపల కాదు, చిమ్నీలో ఉంటుంది. ఇన్సర్ట్ పొగ బయటికి పోయే మూతి సాధారణంగా ఆరంగుళాల వెడల్పు ఉంటుంది. మీ పాత పొగగొట్టం అంతకన్నా చాలా పెద్దదై ఉంటుంది. అంత పెద్ద గొట్టంలో పొగ చల్లబడి, తారులాంటి క్రియోసోట్ గోడలకు పట్టుకుంటుంది. అది అంటుకుంటే చిమ్నీ లోపల వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. అందుకే అడుగు నుంచి పైదాకా స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్, అంటే పాత పొగగొట్టం లోపల దించే సన్నటి గొట్టం, వేయించాలి. అది వేసే ముందు కెమెరా దించి చూస్తారు. లోపలి మట్టి పెంకులు పగిలి ఉన్నాయనో, సున్నం రాలిపోయిందనో అప్పుడు తెలుస్తుంది. ఒక దంపతులు ఇన్సర్ట్ ఇంటికి వచ్చాకే చిమ్నీలో కెమెరా దించారు. మరమ్మతుకు రెండో కార్డు తీశారు. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చారు. ముందు వచ్చి ఉంటే ఒక్క కార్డూ అవసరమయ్యేది కాదు.

ఇప్పుడు మీ మూడు నెలల పొదుపు సంగతి. దాన్ని మీరు ‘పొదుపు’ అంటున్నారు. నా దృష్టిలో అది అత్యవసర నిధి, అది కూడా మూడో వంతే నిండింది. ఒక్కరి సంపాదన, ఏటా పొడిగిస్తే తప్ప నిలవని ఉద్యోగం... ఇద్దరు సంపాదిస్తున్న ఇంటికే ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉండాలంటాను, మీకు తొమ్మిది ఉండాలి. మీరేమో మూడింటిని ఒకటిన్నర చేస్తానంటున్నారు. పైగా వాయిదా తోడైతే ఆ నిధి రెండు వైపుల నుంచీ తరుగుతుంది: డబ్బు తగ్గుతుంది, నెల ఖర్చు పెరుగుతుంది. వాయిదా మీ నెల ఖర్చులో పదో వంతనుకున్నా, 45 రోజులు గడవవలసిన డబ్బు 41 రోజులకే అయిపోతుంది. ఒప్పందం పొడిగించకపోతే 41 రోజుల్లో కొత్త ఉద్యోగం దొరికి, మొదటి జీతం చేతికి రావాలి. చిమ్నీలో పగుళ్లు బయటపడితే ఆ 41 రోజులు కూడా ఉండవు. కొత్త ఇన్సర్ట్ ముందు కూర్చుని పాతికో రోజున ఇంటి ఖర్చుకు ఎవరిని అడగాలా అని ఆలోచించడం వెచ్చగా ఉండే వ్యవహారం కాదు.

కార్డు గురించి నా ఓపిక ఎప్పుడో అయిపోయింది. వాయిదాలు సక్రమంగా కట్టినంత కాలం సాఫీగానే ఉంటుంది. ఒక్కటి తప్పి, బాకీ మామూలు కార్డు వడ్డీలో పడితే? నెలకు మూడు శాతం అనుకోండి. వినడానికి చిన్నదే. చక్రవడ్డీతో అది ఏడాదికి 42 శాతం దాటుతుంది, రెండేళ్లలో బాకీ రెట్టింపవుతుంది. దుకాణంవారు ‘సున్నా వడ్డీ’ పథకం అంటే, అందులో ప్రాసెసింగ్ రుసుము ఎంతో, రొక్కంగా కొంటే ఎంత తగ్గిస్తారో అడగండి. వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది. ఇంటి రుణం మీద టాప్‌అప్ తీసుకోవచ్చు కదా అనకండి, పొయ్యి కోసం ఇంటి మీద అప్పు పెంచుకోవడం నాకు మింగుడుపడదు. సెకండ్ హ్యాండ్ ఇన్సర్ట్ చౌకే, కానీ దాని మీద తయారీ వివరాల పలక లేకపోతే ముట్టుకోకండి.

ఎందుకంటే బీమా. కట్టెల పొయ్యి పెడుతున్నట్టు ఇంటి బీమా కంపెనీకి ముందే లిఖితపూర్వకంగా తెలపండి. ప్రీమియం పెరిగితే అది కూడా ఇన్సర్ట్ ఖర్చే. అమర్చినవారి ధ్రువపత్రం, ఏటా చిమ్నీ శుభ్రం చేయించిన రసీదులు ఒకే ఫైలులో దాచండి. చిమ్నీని ఏడాదికొకసారి తనిఖీ చేయించాలని అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 211 ప్రమాణం కూడా చెబుతోంది. చెప్పకుండా పెట్టిన పొయ్యి వల్ల ఇల్లు అంటుకుంటే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి మీరే కారణం అందించినట్టు. పొయ్యి నుంచి వచ్చే విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనడానికి మాత్రం నా అనుమతి అక్కర్లేదు, ఈరోజే కొనండి.

ఈ చలికాలానికి ఏం చేయాలి? చిమ్నీ శుభ్రం చేసే నిపుణుడిని పిలిచి కెమెరాతో చూపించండి. లైనర్, మరమ్మతు కలిపి మొత్తం అంచనా కాగితం మీద తీసుకోండి. ఇన్సర్ట్ కొనకపోయినా ఈ ఖర్చు వృథా కాదు. ఫైర్‌ప్లేస్ వాడనప్పుడు పొగగొట్టం మూసే బెలూన్ లాంటిది పెట్టండి, తలుపుల సందులు మూయండి. హాలు చల్లబడటానికి సగం కారణం ఆ తెరిచి ఉన్న గొట్టమే కావచ్చు. (మంట వేసే ముందు బెలూన్ తీయడం మరవకండి.) వాయిదాకు కడదామనుకున్న మొత్తాన్ని నెలనెలా ప్రత్యేక ఖాతాలో వేయండి. ఆ డబ్బు ముందు అత్యవసర నిధికి, తర్వాతే ఇన్సర్ట్‌కు. నిజంగా కట్టగల వాయిదానో కాదో కూడా నాలుగు నెలల్లోనే తెలిసిపోతుంది.

కొనే రోజు వచ్చినప్పుడు ఎండాకాలంలో కొనండి, అమర్చేవారికి అప్పుడు తీరిక ఉంటుంది. ఫైర్‌ప్లేస్ లోపలి వెడల్పు, ఎత్తు, లోతుతో పాటు వెనకవైపు వెడల్పు కూడా కొలిచి తీసుకెళ్లండి. పాతవాటిలో చాలా వరకు వెనక్కి వెళ్లేకొద్దీ ఇరుకవుతాయి. గదికి మించిన పెద్దది వద్దు. గది కాగిపోతోందని గాలి తగ్గించి వాడితే మంట మందగించి క్రియోసోట్ పెరుగుతుంది. పొగను కూడా మండించే ఉత్ప్రేరకం ఉన్న రకమైతే దాన్ని కొన్నేళ్లకొకసారి మార్చాలి, ఆ ఖర్చు ముందే అడగండి. పొగ ప్రమాణాలు చూడండి: అమెరికాలో 2020 నుంచి, యూరప్‌లో 2022 నుంచి నిబంధనలు బిగించారు. కరెంటు పోతే ఆదుకుంటుందని కొంటుంటే మాత్రం, వేడి గాలిని గదిలోకి తోసే బ్లోయర్ తిరగడానికి కరెంటు కావాలని గుర్తుంచుకోండి.

కెమెరా తనిఖీ అయ్యాక మళ్లీ రాయండి. అప్పుడు చిమ్నీ అంచనా ఎంతో, నిధిలో ఎన్ని నెలల ఖర్చులున్నాయో రాస్తే చాలు. ఉక్కా, పోత ఇనుమా అనేది దుకాణంలో తేల్చుకోండి.