ఎవల్యూషనరీ ఆప్టిమైజేషన్‌లో పీహెచ్‌డీ చేస్తే అధ్యాపక వృత్తిలో భవిష్యత్తు ఉంటుందా?

ఉంటుంది. జీవపరిణామంలా తరం తరానికీ జవాబులను మెరుగుపరుస్తూ మంచిదాన్ని వెతికే కంప్యూటర్ పద్ధతులే ఈ ఎవల్యూషనరీ ఆప్టిమైజేషన్. నేను ఇందులోనే పీహెచ్‌డీ చేసి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కానీ మీరు ప్రశ్నలో "కొత్త అల్గారిదం ఒకటి తయారుచేస్తే పేపర్లు తేలిగ్గా వస్తాయట కదా" అన్నారు. నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

మా దగ్గర పరిశోధన చేసే ఒకమ్మాయి ఓసారి ఒక పక్షి పేరుతో కొత్త అల్గారిదం తెచ్చింది. స్ఫియర్, రాస్ట్రిజిన్ లాంటి, జవాబు ముందే తెలిసిన పరీక్ష ఫంక్షన్లన్నిటి మీదా ఎర్రర్ సున్నా. పాత పద్ధతులన్నీ దాని వెనకే. డిపార్ట్‌మెంట్‌లో అందరూ సంబరపడ్డారు. నేను ఒక్కటే అడిగాను: "అమ్మా, వీటన్నిటికీ కనిష్ఠ విలువ సున్నా బిందువు దగ్గరే ఉంది కదా. దాన్ని కాస్త పక్కకు జరిపి మళ్లీ రన్ చెయ్యి."

సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ముఖంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. ఎప్పుడో 1995లో స్టార్న్, ప్రైస్ ప్రతిపాదించిన డిఫరెన్షియల్ ఎవల్యూషన్ అనే మామూలు అల్గారిదం దాన్ని దాటేసింది. ఇద్దరం కూర్చుని కోడ్ అంతా చూశాం. కొత్త స్థానం లెక్కగట్టేటప్పుడు పాత స్థానాన్ని ఒకటి కంటే చిన్న సంఖ్యతో గుణిస్తోంది, ఆ సంఖ్య తరం తరానికీ తగ్గుతోంది. అంటే అది వెతకడమే లేదు! ఏ సమస్య ఇచ్చినా అన్నిటినీ సున్నా వైపు లాక్కుపోతోంది. జవాబు అక్కడే ఉంది కాబట్టి దొరికింది. పైగా ఆ గుణకం ఆమె సొంతం కాదు, అచ్చయిన వేరే పేపర్‌లోంచి తీసుకున్నదే.

"ఇప్పుడేం చేయను సార్?" అని ఏడ్చేసింది. ఆ పక్షిని వదిలేసి, కరెంటు ఫీడర్లలో (పంపిణీ లైన్లలో) కెపాసిటర్లు ఎక్కడ, ఎంత సైజువి పెడితే లైన్ లాస్, అంటే తీగల్లో వృథా అయ్యే కరెంటు, తగ్గుతుందో పాత అల్గారిదంతోనే లెక్కలు వేసింది. అదే థీసిస్ అయింది, మంచి థీసిస్.

ఈ జబ్బు మా ఒక్క కాలేజీది కాదు. పేరున్న చాలా పద్ధతుల్లో ఇదే సమస్య ఉందని 2022లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్ పత్రికలో యాకుబ్ కూదెలా అనే పరిశోధకుడు చూపించారు. అన్ని సమస్యల మీదా సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరోదానికంటే మెరుగు కాదని వోల్పర్ట్, మెక్రెడీ 1997లోనే నిరూపించారు. అయినా "అన్నిటికన్నా మేలైనది" అంటూ జంతువుల పేర్లతో పేపర్లు వస్తూనే ఉన్నాయి. ప్రమోషన్ కమిటీలు పేపర్ల సంఖ్య లెక్కపెట్టినంత కాలం ఇవి ఆగవు. వేరేవాళ్ల పేపర్‌ను పరిశీలిస్తూ "మా పేపర్లు కూడా ప్రస్తావించండి" అని రివ్యూలో రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కాన్పూర్ ఐఐటీలో కల్యాణ్‌మయ్ దేబ్ తన విద్యార్థులతో కలిసి చేసిన ఎన్‌ఎస్‌జీఏ-2 అనే అల్గారిదం పేపర్ 2002లో వచ్చింది. ఖర్చు తగ్గాలి, బలం పెరగాలి అన్నట్టు ఒకదానికొకటి అడ్డొచ్చే లక్ష్యాలున్న చోట ఈ రోజుకీ ముందు దాన్నే ప్రయత్నిస్తారు. దానికి ఏ జంతువు పేరూ అక్కర్లేకపోయింది. మన దేశంలో కూర్చునే అంత పని చేయొచ్చు.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన పాత విద్యార్థులను కలవండి. వాళ్ల కోడ్ బయట పెట్టారా, కనిష్ఠ బిందువును పక్కకు జరిపిన ఫంక్షన్ల మీద పరీక్షించారా అని మొహమాటం లేకుండా అడగండి. ఈలోగా ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా చదవండి. మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఎక్కువగా కొరత పడేది అక్కడే.