అశ్వగంధ, శతావరి వాడితే గర్భం నిలుస్తుందా?

ప్రశ్న: నా వయసు 31. మాదాపూర్‌లో ఉద్యోగం. ఏడాదిన్నరగా పిల్లల కోసం చూస్తున్నాం. నెలసరి 45 రోజులకు, ఒక్కోసారి రెండు నెలలకు వస్తోంది. పని ఒత్తిడితో నిద్ర సరిగా పట్టదు. థైరాయిడ్ తక్కువగా ఉందని మాత్ర వాడుతున్నాను. మా అత్తగారు బేగంబజార్ నుంచి అశ్వగంధ, శతావరి పొడులు తెప్పించారు. రోజూ పాలలో కలుపుకొని తాగుతున్నాను. వీటితో గర్భం నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు అశ్వగంధ ఆపేయండి. మీ అత్తగారు మీ మేలు కోరే తెప్పించారు, అందులో సందేహం లేదు. పెన్నేరుగడ్డ అని మన పెద్దలు పిలిచే ఈ వేరు కొందరిలో ఒత్తిడి తగ్గించి, నిద్ర పట్టిస్తుందని చిన్నచిన్న అధ్యయనాల్లో కనిపించింది కూడా. కానీ అది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. మీరు వేసుకుంటున్న మాత్రకు అది తోడైతే గుండెదడ, చేతుల వణుకు, ఉన్న కాస్త నిద్రా పోవడం జరగవచ్చు. అరుదుగా కాలేయం దెబ్బతిన్నవారూ ఉన్నారు. గర్భిణులు దీన్ని వాడకూడదు. మీకు నెలసరి రెండు నెలలకోసారి వస్తోంది కాబట్టి గర్భం నిలిచినా కొన్ని వారాల పాటు మీకే తెలియదు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే.

శతావరి, అంటే పిల్లిపీచర, బాలింతలకు పాలు పడటానికి ఇచ్చే మూలిక. గర్భం నిలుపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. అదీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

నెలసరి ఇంత ఆలస్యమవుతోందంటే అండం సరిగా విడుదల కావడం లేదని అనుమానించాలి. ఒత్తిడి ఒక్కటే కారణమని సరిపెట్టుకోవద్దు. హార్మోన్ల తేడాతో అండాశయాల పని దెబ్బతినే పీసీఓఎస్ కావచ్చు, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగి ఉండవచ్చు, థైరాయిడ్ మాత్ర మోతాదు చాలకపోవచ్చు. థైరాయిడ్ చాలకపోతే రక్తంలో టీఎస్‌హెచ్ అనే హార్మోన్ పెరుగుతుంది; పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు అది 2.5 లోపు ఉండేలా చూస్తాం. ఈ రక్తపరీక్షలు, ఒక స్కానింగ్ చేయించుకోండి. 35 ఏళ్ల లోపు వారు ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టర్‌ను కలవాలి. మీకు ఆ గడువు దాటిపోయింది.

మీ వారికి వీర్య పరీక్ష జరిగిందో లేదో మీరు రాయలేదు. దానికి ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా, కలయికకు దూరంగా ఉంటే చాలు, సులువైన పరీక్ష. అయినా మన ఇళ్లలో కోడలు పొడులు, కషాయాలు అన్నీ తాగాకే కొడుకు వంతు వస్తుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇద్దరూ ఒకే రోజు వెళ్లండి.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు. నువ్వుల ఉండలు, మునగాకు లాంటివి ఆహారంగా నిశ్చింతగా తినండి. లోహాలు, ఖనిజాలు కాల్చి చేసే భస్మాలు కలిసిన మందులు మాత్రం ముట్టుకోవద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు ఐదింట ఒక దానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికింది. తల్లి రక్తంలోని సీసం కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

ఆయుర్వేద వైద్యమే కావాలనుకుంటే, దుకాణంలో అడిగి పొడి కొనుక్కోవద్దు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో వైద్యులను కలిసి, థైరాయిడ్ మాత్ర వాడుతున్నట్టు మొదటే చెప్పండి. స్త్రీ వైద్య నిపుణురాలి దగ్గరకు వెళ్లేటప్పుడు ఈ రెండు పొడుల ప్యాకెట్లూ వెంట తీసుకెళ్లి చూపించండి.