అమ్మణ్ణీ, ముందు పక్షుల గదికి పో

అమ్మణ్ణీ,

షికాగోలో ఫీల్డ్ మ్యూజియం అనే ప్రకృతి చరిత్ర మ్యూజియంలో మెంబర్‌షిప్ తీసుకున్నామనీ, మెంబర్లకని రాత్రిపూట పెట్టే మెంబర్స్ నైట్‌కి బాబును తీసుకుని పోతున్నామనీ నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఇక్కడ తిరుపతిలో ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి, అక్కడ మీ వదిన ఇంటికి వచ్చినప్పుడు ఆ మెంబర్స్ నైట్ ఒక్కసారే చూశాను. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావని రాస్తున్నాను.

లోపలికి పోగానే జనమంతా డైనోసార్ల వైపు పోతారు. సూ అనే టి.రెక్స్ డైనోసార్ అస్థిపంజరం ఉంది, 40 అడుగులు, 1997లో వేలంలో 83 లక్షల డాలర్లకు పైనే పెట్టి కొన్నారు. చూడాల్సిందే, కాదనను, కానీ అది ఏ ఆదివారం పోయినా అక్కడే ఉంటుంది కదా! నేను గంటసేపు దాని ముందు ఫోటోలు దిగుతూ నిలబడ్డాను, ఆ గంట పోయిందే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎందుకంటే మామూలు రోజుల్లో తాళం వేసి ఉండే గదులు మెంబర్స్ నైట్‌కి తెరుస్తారు, అక్కడ పనిచేసే శాస్త్రవేత్తలే సొరుగులు లాగి చూపిస్తారు. మ్యూజియంలో ఉన్నదాంట్లో బయట పెట్టేది నూటికి ఒక వంతు కూడా కాదు, మిగతాదంతా ఆ తలుపుల వెనకే.

అందుకని ముందు పక్షుల దగ్గరికి పో. షికాగోలో సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద భవనాల అద్దాలకు వలస పక్షులు రాత్రిపూట గుద్దుకుని చచ్చిపోతుంటాయి. 1978 నుంచి ఈ మ్యూజియం వాళ్లు తెల్లవారుజామున పోయి వాటిని ఏరుకొచ్చి, ఒక్కోదానికీ కాలు ఎముకా రెక్కా కొలిచి, తేదీ రాసి దాచారు. అలా 70,716 పక్షుల కొలతలు పోల్చి చూస్తే నలభై ఏళ్లలో వాటి ఒళ్లు చిన్నదై, రెక్కలు పొడుగయ్యాయని 2019లో తేలింది, ఎండలు ముదరడమే కారణం కావచ్చంటున్నారు. దారిన పడి ఉన్న పిట్టను రోజూ వంగి తీసుకున్న చేతుల ఓపిక అది! కాలికి కట్టిన చిన్న చీటీని బాబు చేత చదివించు. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసిన ఆ చీటీ లేకపోతే ఆ పిట్ట సైన్సుకు దాదాపు ఎందుకూ పనికిరాదు.

ఎముకల మీద మాంసాన్ని పురుగుల చేత తినిపించి శుభ్రం చేసే ఏర్పాటు కూడా వాళ్లకు ఉంది, అది చూపిస్తుంటే వదలొద్దు. వాసన వస్తుంది, బాబుకు ముందే చెప్పు.

ఇంట్లో పెందలాడే పెరుగన్నం పెట్టి తీసుకుపో. మెత్తటి బూట్లు వేసుకోండి. అన్ని గదులూ చుట్టేద్దామని టెన్షన్ పడొద్దు, తిరుమల క్యూలో లాగా జరగండి జరగండి అని నిన్ను అక్కడ ఎవరూ తోయరు, మూడు బల్లల దగ్గర నిదానంగా నిలబడినా చాలు. వచ్చిన ఇంగ్లీషులోనే అడుగు, సిగ్గుపడకు. ఎవరైనా అడగాలనే వాళ్లు సాయంత్రమంతా నిలబడి ఉంటారు.

బల్లుల మీదా పాముల మీదా పనిచేసేవాళ్లు కనబడితే మన శేషాచలం కొండల్లోని బంగారు బల్లి మీ దగ్గర ఉందా అని బాబు చేతే అడిగించు. ఏమన్నారో ఇంటికి రాగానే ఫోన్ చెయ్యి, అప్పటికి మాకు తెల్లవారి ఉంటుంది.

మీ పెద్దమామ,
బైరాగిపట్టెడ, తిరుపతి