ఆర్గానిక్ తోటలో అన్నిసార్లు మందు కొడతారెందుకు? ఫ్రాన్స్ చిన్న వైన్ ఎస్టేట్ల గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బోర్డో దగ్గర ఒక చిన్న ఎస్టేట్ చూశాం. ఆర్గానిక్ అని బోర్డు పెట్టారు. మే నెలలోనే మూడుసార్లు ట్రాక్టరుతో మందు కొట్టారు. ఇది మోసం కాదా?

జవాబు: కాదండీ. కృత్రిమ రసాయనాలు వాడకూడదన్నదే ఆర్గానిక్ నియమం, అసలు మందే కొట్టకూడదని కాదు. నిజానికి వానలు ఎక్కువ పడే బోర్డో లాంటి చోట మామూలు రైతు కంటే ఆర్గానిక్ రైతే ఎక్కువసార్లు తోటలోకి ట్రాక్టరు దించాలి. అందుకు కారణం బూజు తెగులు. 1878 ప్రాంతంలో అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు చేరిన ఈ తెగులుకు 1885లో బోర్డో శాస్త్రవేత్త మియార్దే మైలుతుత్తం (రాగి సల్ఫేట్), సున్నం కలిపిన మందు చూపించాడు. బోర్డో మిశ్రమానికి ఆ పేరు అలా వచ్చిందే. ఆర్గానిక్ రైతుకు నేటికీ ప్రధాన ఆయుధం ఆ రాగే.

రాగి ఆకు లోపలికి ఇంకదు, పైన పూతలా ఉంటుంది. ఆకు మీద పడిన బూజు బీజం మొలకెత్తేటప్పుడు దాన్ని చంపుతుంది. ఒకసారి లోపలికి చొరబడ్డ తెగులును మాత్రం ఏమీ చేయలేదు. అందుకే వానకు ముందు కొట్టాలి, వాన వెలిశాక కొడితే ఆ వానకు అంటుకున్న తెగులు ఆగదు. 20-25 మిల్లీమీటర్ల వాన పడితే పూత కడుక్కుపోతుంది. వాన పడకపోయినా, తీగ జోరుగా సాగే మే, జూన్ నెలల్లో వారం తిరిగేసరికి వచ్చిన కొత్త ఆకులకు పూతే ఉండదు. మీరు చూసిన మూడు విడతల లెక్క ఇదే.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి ఒక పాత కొలత ‘మూడు పదులు’: చిగురు 10 సెంటీమీటర్లు, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, వాన 10 మిల్లీమీటర్లు. మూడూ కలిస్తే మొదటి తెగులు సోకే వీలుందన్నమాట.

ఎక్కువ మంది తప్పేది మోతాదులో. సంచుల్లో దొరికే రెడీమేడ్ బోర్డో పొడిలో సాధారణంగా 20 శాతం రాగి ఉంటుంది, అంటే 2 కిలోల పొడికి 400 గ్రాముల రాగి. యూరోపియన్ యూనియన్ 2019 నుంచి హెక్టారుకు 7 ఏళ్లలో మొత్తం 28 కిలోల రాగి మించకూడదంది, సగటున ఏడాదికి 4 కిలోలు. మొదటి రోజు నుంచీ 400 గ్రాముల చొప్పున 12 సార్లు కొడితే 4.8 కిలోలై, ఆ సగటు దాటిపోతుంది. అనుభవం ఉన్నవారు ఆకు తక్కువగా ఉన్నప్పుడు 100-200 గ్రాములతో సరిపెట్టి, ద్రాక్ష పూలు పూసే దశలో ఆకు నిండుగా ఉండి వాన వదలనప్పుడు మాత్రమే పెంచుతారు. మందు సంచి మీది షరతులు ఇంతకంటే కఠినంగా ఉంటే వాటినే పాటించాలి.

ఈ పరిమితి న్యాయమైనదే. రాగి మట్టిలో కుళ్లి పోయేది కాదు. పైపొరలోనే పేరుకుపోయి వానపాములకు, సూక్ష్మజీవులకు చేటు చేస్తుంది. సహజమైనదని దాన్ని ఇష్టం వచ్చినట్లు పోయడం మట్టికి ద్రోహం. గుత్తుల చుట్టూ ఉదయపు ఎండ తగిలే వైపు ఆకులు తీసి గాలి ఆడనివ్వడం, మొదళ్ల దగ్గర పిలకలు తుంచడం, వరుసకు రెండు పక్కలా మందు పడేలా నాజిళ్లు సరిచేయడం వల్ల రాగి నిజంగా ఆదా అవుతుంది. ఫ్రెంచ్ వ్యవసాయ పరిశోధనా సంస్థ తయారుచేసిన ఆర్తబాన్, విదోక్, ఫ్లోరేయల్, వోల్తిస్ రకాలకు 2018లో అనుమతి వచ్చింది. వీటిలో బూజును, బూడిద తెగులును తట్టుకునే జన్యువులున్నాయి. అయినా ఒకటి రెండుసార్లు మందు కొట్టాల్సిందే. లేకపోతే నల్లకుళ్లు పట్టుకుంటుంది, పైగా బూజు ఆ జన్యువులను ఓడించడం నేర్చుకుంటుంది.

బూడిద తెగులుకు గంధకం వాడతారు. చలిలో అది సరిగా పనిచేయదు, 30 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ప్రశ్న: సీసాల మీద రకరకాల ముద్రలు ఉంటున్నాయి. తేడా ఏమిటి?

జవాబు: ఆకుపచ్చ ఆకు ముద్ర యూరప్ ఆర్గానిక్‌ది. తోటకు 3 ఏళ్ల మార్పిడి కాలం తప్పనిసరి. 2012 నుంచి వైన్ తయారీ కూడా ఆ నియమాల కిందికి వచ్చింది. ‘హెచ్‌వీఈ’ అంటే పొలంలో జీవవైవిధ్యం, ఎరువులు, మందులు, నీటి వాడకాన్ని పాయింట్లతో కొలిచే ముద్ర. అది కృత్రిమ మందులను పూర్తిగా నిషేధించదు కాబట్టి దాన్ని ఆర్గానిక్ అనుకోకండి. ‘వాఁ మెతోద్ నత్యూర్’ 2020లో వచ్చింది. ఆర్గానిక్ ద్రాక్ష, చేతి కోత, తోటలోని సహజ ఈస్టే వాడటం, వైన్ చెడకుండా వేసే సల్ఫైట్ అసలు కలపకపోవడం లేదా మొత్తం లీటరుకు 30 మిల్లీగ్రాములలోపు ఉంచడం దాని షరతులు.

ప్రశ్న: వరుసల మధ్య గడ్డి పెంచి గొర్రెలను మేపితే కలుపు మందు అక్కర్లేదంటున్నారు. అంత సులువా?

జవాబు: మంచి పద్ధతే, కానీ సులువు కాదు. ద్రాక్ష కోత అయ్యీ కాగానే ఫావా చిక్కుడు, వెచ్, రై లాంటివి పచ్చిరొట్టగా చల్లుతారు. వరుస విడిచి వరుసలో చల్లడం మేలు, ట్రాక్టరుకు గట్టి దారి మిగులుతుంది. అవి నిండుగా పూలు పూసినప్పుడు రోలర్‌తో తొక్కిస్తే కాడలు విరిగి నేలకు కప్పులా పడతాయి. ముందే తొక్కిస్తే మళ్లీ లేస్తాయి. దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ లాంటి ఎండ ప్రాంతంలో పూత దాకా ఆగితే ద్రాక్షకు అందాల్సిన నీరంతా అదే తాగేస్తుంది, అక్కడ ఏప్రిల్ మొదట్లోనే ముగించాలి. ఇంకొకటి, ఏప్రిల్‌లో పొడవాటి గడ్డి మంచు ముప్పును పెంచుతుంది. 2021 ఏప్రిల్ మంచుకు ఫ్రాన్స్‌లో ఎన్నో చిగుళ్లు మాడిపోయాయి. ఆ రాత్రులకు ముందే గడ్డిని పొట్టిగా కోసుకోవాలి.

గొర్రెలను ఆకు రాలాక తోలి, మొగ్గలు ఉబ్బకముందే తప్పించాలి, లేదంటే మొగ్గలు మేసేస్తాయి. ఇక్కడ చాలామంది మరచే ప్రమాదం రాగిదే. పశువులన్నిటిలో గొర్రెలకు రాగి త్వరగా విషమవుతుంది, కాలేయంలో పేరుకుపోయి ఒక్కసారిగా చంపేస్తుంది. ఆఖరి మందు తర్వాత మంచి వానలు పడి గడ్డి కడిగాకే తోలాలి, వాటికి రాగి ఉన్న ఖనిజ దాణా పెట్టకూడదు.

ప్రశ్న: కొన్న ఈస్ట్ లేకుండా రసం పులియడం ఎలా? చెడిపోదా?

జవాబు: చెడిపోవచ్చు. అందుకే ‘పియే ద క్యూవ్’ అనే తోడు చేసుకుంటారు. అసలు కోతకు వారం ముందు ఆరోగ్యమైన గుత్తులు కొన్ని కోసి, నలిపి, 20-25 డిగ్రీల దగ్గర చిన్న చిన్న పాత్రల్లో విడివిడిగా పులియబెడతారు. అన్నిటినీ వాసన, రుచి చూసి, వెనిగర్ ఘాటు ఉన్నది పారబోసి, శుభ్రంగా చురుగ్గా పొంగుతున్నదే పెద్ద తొట్టెలోని రసంలో 2-5 శాతం దాకా కలుపుతారు. చక్కెర పూర్తిగా అయిపోయేదాకా ఆగితే ఈస్ట్ నీరసిస్తుంది, సగంలో ఉండగానే కలపాలి.

పులియడం మధ్యలో ఆగినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా ముందు అనుమానించాల్సింది నత్రజని లోటు. రసంలో ఈస్ట్‌కు అందే నత్రజని లీటరుకు 150 మిల్లీగ్రాముల కంటే బాగా తగ్గితే ఇలా జరుగుతుంది. ఆ లోటు చాలాసార్లు తోటలోనే మొదలవుతుంది, గడ్డి నత్రజనిని లాగేసుకున్న వరుసల్లో.

సల్ఫైట్ తగ్గించాలంటే ముందు పీహెచ్ చూడాలి. పీహెచ్ 3.4 దగ్గర లీటరుకు సుమారు 24 మిల్లీగ్రాముల స్వేచ్ఛా సల్ఫైట్ (వైన్‌లో దేనితోనూ కలిసిపోకుండా మిగిలినది) ఇచ్చే రక్షణకు, 3.8 దగ్గర సుమారు 60 కావాలి. వేడి ఏడుల్లో పుల్లదనం తగ్గి పీహెచ్ పెరుగుతుంది కాబట్టి సల్ఫైట్ లేకుండా చేద్దామనుకునేవారు ద్రాక్షను కాస్త తొందరగానే కోస్తారు.

ప్రశ్న: ఇంత చేసి బరువైన సీసాలో పోస్తే ఏం లాభం?

జవాబు: మీ మాట సరైనదే. గాజు కరిగించడానికి, సీసాలు మోయడానికి చాలా ఇంధనం పడుతుంది. షాంపేన్ ప్రాంతం 2010లో తన సీసాను 900 గ్రాముల నుంచి 835 గ్రాములకు తగ్గించింది. లోపల వాయువు ఒత్తిడి ఉంటుంది కాబట్టి అక్కడ అంతకంటే తగ్గించడం కష్టం. పొంగని వైన్‌కు ఆ ఇబ్బంది లేదు, 400 గ్రాముల పైచిలుకు సీసా సరిపోతుంది.