ఆరో తరగతి పాపకి కందుకూరి వీరేశలింగం గారి మీద స్కూల్ ప్రాజెక్టు ఇచ్చారు. చార్టు కాకుండా కొత్తగా ఏం చేయించొచ్చు?

చార్టు వద్దని మీకే అనిపించింది, సంతోషం. మాది రాజమండ్రి. ఇక్కడ జిరాక్స్ షాపుల అద్దాల మీద "ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును" అని అంటించి ఉంటుంది. గాంధీ గారైనా అల్లూరి అయినా అదే బంగారు రంగు బోర్డరు, అదే పుట్టిన తేదీ, అదే పోయిన తేదీ. క్లాసు గోడ మీద ముందు వరసలో ఉండేవీ అవే. ఇక స్కూల్ గ్రూపులో మెసేజి వచ్చేది రాత్రి తొమ్మిది దాటాకే, "రేపు తేవలెను" అని!

నన్నడిగితే, మహానుభావుల జీవితమంతా పిల్లల చేత రాయించడం శుద్ధ దండగ. ఆ మనిషికి ఎదురైన చిక్కు ఒక్కటి పట్టుకుని పిల్లల చేతిలో పెట్టాలి.

మావాడికి ఏడో తరగతి ప్రాజెక్టులో గోదారి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర వచ్చాడు. మిగతా పిల్లలంతా థర్మోకోల్‌తో గేట్ల బ్యారేజీ చేసుకొచ్చారు. అసలు మనం బస్సులో దాటే ఆ బ్యారేజీ కాటన్ కట్టిందే కాదు, 1970ల్లో మొదలైంది. ఆయన 1847 నుంచి 1852 దాకా కట్టించింది రాతి ఆనకట్ట. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా. ఆ సంగతి టీచరైనా చెప్పాలిగా.

మేం ఓ పక్క పగిలిన బట్టల టబ్బులో గోదారి ఇసుక పోసి, రెండో పక్క నుంచి పైపుతో నీళ్ళు వదిలాం. వాడు ఇసుక మీద గులకరాళ్ళు పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తి, "అయిపోయిందమ్మా" అన్నాడు. నీళ్ళు అడుగునున్న ఇసుకని కోసేశాయి, కట్ట కూలబడింది. మళ్ళీ పేర్చాడు, మళ్ళీ కూలింది. వాడికి ఏడుపు, నాకు ఒళ్ళంతా బురద. వరండాలో పేపరు చదువుతున్న మా మావగారు తలెత్తకుండానే, "కూలితే కూలనీరా. తియ్యకు, వాటి మీదే ఇంకా వెయ్యి" అన్నారు. వేస్తూ పోయాడు. రాళ్ళు దిగినంత దిగి, ఇక దిగమని మొరాయించాయి. అప్పుడు మట్టి మెత్తితే నిలబడింది.

కాటన్ చేసిందీ ఇదే. గట్టి నేల తగలని ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో ఆయన నేర్చుకుంది కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఆనకట్టని చూసి. మావాడు ఇదంతా విని, "మరి ఇన్ని రాళ్ళు మోసిందెవరు?" అన్నాడు. అలా కాటన్ దగ్గర పనిచేసిన వీణెం వీరన్న గారూ, వేలమంది కూలీలూ ప్రాజెక్టులోకి వచ్చారు. టబ్బు పెడితే క్లాసు తడుస్తుందని గుమ్మం బయటే పెట్టించారు, మార్కులు థర్మోకోల్‌కే పడ్డాయి. పడనీండి.

మీ పాపకైతే 1881 డిసెంబరు 11 ఒక్కరోజు చాలు. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన రోజది. ఊళ్ళో వాళ్ళు వెలివేసి, వంటవాళ్ళు కూడా రానంటే, వాళ్ళావిడ రాజ్యలక్ష్మమ్మ గారే గోదారి నుంచి నీళ్ళు మోసి వంట చేశారు. ఆవిడ ఓ స్నేహితురాలికి ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందో పాప చేత రాయించండి. ఆయన నడిపిన వివేకవర్ధని పత్రికలా ఇంకో పేజీ తయారుచేయించి, ఆ పెళ్ళి మీద తిట్టే ఉత్తరం ఒకటి, మెచ్చుకునేది ఒకటి పెట్టించండి. తిట్టే ఉత్తరం మాత్రం గట్టిగా రాయించండి, మెత్తగా రాస్తే ఆయన దేనితో పోట్లాడారో పాపకి అర్థం కాదు.