వారం వారం బరువు చూసుకునే అమ్మడికి

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. పోయిన వారం కంటే 900 గ్రాములు పెరిగావట, ఇక డైటూ వద్దు వాకింగూ వద్దట. మానేస్తే తర్వాత మానేద్దువుగానీ, ముందు ఇది చదువు.

ఆదివారం పెళ్ళికెళ్ళొచ్చి సోమవారం పొద్దున్నే మెషినెక్కమని నీకెవరు చెప్పారే? పులిహోర, ఆవకాయ, అప్పడాలు, వేపుళ్ళు, అన్నిట్లోనూ ఉప్పే. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. మర్నాడు వేలికి ఉంగరం బిగుసుకునేది అందుకే. దానికి తోడు, అన్నం, స్వీట్లు దండిగా తిన్నరోజు ఒళ్ళు అందులో కొంత గ్లైకోజెన్‌గా మార్చి కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ వెంట సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. అదే కిలో కొవ్వు పట్టాలంటే, రోజువారీ ఖర్చు పోను దాదాపు 7,700 క్యాలరీలు మిగలాలి. ఎంత కొసరి కొసరి వడ్డించినా ఒక్క పంక్తిలో అంత తినలేవు. నీకొచ్చిన 900 గ్రాముల్లో చాలావరకు నీరే. మామూలు తిండిలో పడ్డాక రెండు మూడు రోజుల్లో అదే పోతుంది.

తగ్గేటప్పుడూ ఇంతే సుమా. మొదటి వారం రెండు కిలోలు తగ్గానని ఇల్లిల్లూ ఫోన్ చేసి చెప్పావు. అందులోనూ ఎక్కువ భాగం నీరే అయ్యుంటుంది. నిన్ను చిన్నబుచ్చాలని కాదు, ప్రతి వారం అదే ఆశిస్తే ప్రతి వారం ఏడుపే అని. వారానికి అరకిలో తగ్గితే చాలా బాగా తగ్గుతున్నట్టు. ఆ అరకిలో కాస్తా కనపడకుండా పోవడానికి ఓ పెద్ద గ్లాసుడు నీళ్ళు చాలు. నమ్మకపోతే ఇప్పుడే మెషినెక్కి చూసుకుని, అరలీటరు నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కు.

ఆడవాళ్ళకి ఇంకో లెక్క ఉంది, జిమ్ కుర్రాళ్ళు చెప్పనిది. పీరియడ్స్‌కి ముందు నాలుగైదు రోజులు చాలామందికి ఒంట్లో నీరు చేరుతుంది. కొందరికి కిలో పైన కూడా పెరుగుతుంది, వచ్చాక దానంతటదే దిగుతుంది. అందుకని ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చకు. పోయిన నెలలో ఇదే వారంతో పోల్చు. ఈ ఒక్కటి పట్టుకుంటే నీ బాధ సగం తీరుతుంది. కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టినప్పుడూ అంతే, ఆ నొప్పులు ఉన్నన్నాళ్ళూ కండరాలు నీరు పట్టి ఉంటాయి. రెండ్రోజులు మోషన్ సరిగ్గా కాకపోయినా అంకె పైనే నిలబడుతుంది.

చూసుకునే రోజు గురువారం పెట్టుకో. ఆదివారం తిన్నదాని ప్రభావం అప్పటికి చాలావరకు దిగుతుంది. పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు, అదే నైటీతో. మెషిన్ చాప మీదా కార్పెట్ మీదా పెట్టకు, గట్టి నేల మీద ఎప్పుడూ ఒకేచోట పెట్టు. ముందురోజు రాత్రి భోజనం మానేసి, పొద్దున అంకె చూసి మురిసిపోయేవాళ్ళున్నారు. ఏకాదశి ఉపవాసం మర్నాడు ఎక్కేవాళ్ళూ ఉన్నారు. ఎవర్ని మోసం చేయడానికో మరి! వచ్చిన అంకెని గోడమీది క్యాలెండర్‌లో రాసి పక్కకి వచ్చెయ్. నాలుగు వారాలయ్యాక నాలుగూ కలిపి చూడు. నెలకోసారి టేపుతో బొడ్డు దగ్గర నడుం కొలుచుకో. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు డాక్టర్లు. మెషిన్ కదలని నెలలో కూడా టేపు కదలొచ్చు, జాకెట్టు హుక్కులు తేలిగ్గా పడొచ్చు.

నెలన్నరైనా అటు మెషినూ ఇటు టేపూ కదలకపోతే, అప్పుడు తిండి వైపు చూడు. బరువు తగ్గిన ఒంటికి ముందున్నంత తిండి అక్కర్లేదు. నూనె గరిటెతో కాకుండా చెంచాతో కొలిచి వెయ్యి. శని, ఆదివారాల్లో బయట తినేది రాసిపెట్టు. థైరాయిడ్ పరీక్ష చేయించుకుని ఎన్నాళ్ళయిందో కూడా చూసుకో. నాలుగైదు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగి, పాదాలు వాచి, ఆయాసం వస్తుంటే మాత్రం అది డైట్ సంగతి కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మీ ఆయనతో పందెం వేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ పందెం రద్దు చెయ్. మగాళ్ళకి కండ ఎక్కువ, ఒళ్ళూ పెద్దది, మొదట్లో గబగబా దిగుతారు. రోజూ అతని అంకె వింటూ నువ్వు అన్నం ముందు కూర్చుని నీరసపడటం దేనికి?

ఈ నెల నీ డేట్ ఎప్పుడో మెసేజ్ పెట్టు. ఏ వారాన్ని ఏ వారంతో చూసుకోవాలో ఫోన్‌లో చెప్తాను.

మీ పెద్దమ్మ